ఫ్రీజరులో కుంపటి

"నిన్న నేను గనక లేకపోతే, మన ఆడవాళ్ళ ఫ్రీజరు ఈపాటికి పాత ఇనప సామాన్ల కొట్లో ఉండేదండీ," అన్నాడు పల్లంరాజు, టీ గ్లాసు బల్ల మీద పెట్టి.

ఆయన గ్లాసు కింద పెట్టాడంటే కథ మొదలైందని పెద్దింట్లమ్మ టీకొట్టుకి వచ్చేవాళ్ళందరికీ తెలుసు. చేతులు ఖాళీగా లేకపోతే పల్లంరాజుకి మాట రాదు.

బల్ల చివర కూర్చున్న రాణి మాత్రం తన గ్లాసు కింద పెట్టలేదు. ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

నిన్న ఆ ఫ్రీజరు బాగుచేసింది రాణి. ఐటీఐలో ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేసే కోర్సులో చేరి, క్లాసు మొత్తానికి తనొక్కతే ఆడపిల్లయినా రెండేళ్ళు నెట్టుకొచ్చి, సర్టిఫికెట్ తెచ్చుకుని, ఉప్పాడ మెయిన్ రోడ్డు మీద చిన్న షాపు తెరిచిన పిల్ల. నిన్న పల్లంరాజు చేసిన పని ఆమె ఫోన్ లైటు పట్టుకోవడం. అది కూడా సరిగ్గా పట్టుకోలేదు. మాట్లాడేటప్పుడు చేతులు తిప్పుతాడు కాబట్టి లైటు సగంసేపు పైకప్పు మీదే ఉంది.

మామూలు రోజైతే రాణి నవ్వుకుని ఊరుకునేది. ఆడవాళ్ళు చేసిన పని మగవాళ్ళ నోట్లో పడగానే వాళ్ళదైపోవడం ఆమెకి కొత్త కాదు. వాళ్ళమ్మ పొద్దున్నే చేపలు గంపకెత్తుకుని కాకినాడ బజారులో అమ్ముకొస్తే, అరుగు మీద కూర్చున్న నాన్న 'ఇవాళ బేరం బాగా చేశాం' అనేవాడు. ఆ 'చేశాం'లో సగం ఎక్కడిదని అమ్మ ఏనాడూ అడగలేదు. కానీ ఇవాళ మామూలు రోజు కాదు. ఇంకో గంటలో రాణి మెకానిక్కో కాదో తేలిపోతుంది.

ఆ ఫ్రీజరు చేపలమ్మే ఆడవాళ్ళ సంఘానిది. నిలువుగా ఉంటుంది, ఆరు అరలు, వేలంపాట షెడ్డులో ఒక మూల. అందులో పట్టిన ఐసు దానంతటదే కరుగుతుంది. అమ్మినవాడు 'ఆటో డీఫ్రాస్టు' అని చెబితే, సంఘం వాళ్ళు తోక వదిలేసి 'ఆటో ఫ్రీజరు' అని పిలుస్తారు. ఇరవై రోజుల కిందట రాణి దాన్ని శుభ్రం చేసి, చిరిగిన తలుపు రబ్బరు మార్చి, బాగుందని చెప్పి వచ్చింది. మొన్న చూస్తే వెనక గోడంతా మంచు బిగుసుకుపోయి ఉంది. చలిగాలి కిందికి దిగక, కింది అరల్లో పండుగప్ప చేపలు మెత్తబడిపోయాయి.

"చెయ్యి పెట్టింది రాణి ఒక్కతే కదా," అంది సంఘం.

నిన్న విప్పి చూస్తే లోపల హీటరు తీగ తెగి ఉంది. తెగడం కాదు, ఎవరో కటింగ్ ప్లేయరుతో నున్నగా కత్తిరించారు. రెండు కొసలకీ నల్ల టేపు చుట్టి, టేపు ఊడకుండా పైన వల నూలుతో ముడి కూడా వేశారు. ఉప్పాడలో ఆ ముడి వెయ్యడం రాని మగవాడు లేడు కాబట్టి, ఆ ముడిని చూపించి ఫలానావాడని చెప్పే వీల్లేదు. అది బయటపడిన సమయానికి పల్లంరాజు బీడీ కోసం బయటికి వెళ్ళాడు. రాణి తీగ కలిపింది. ఫ్రీజరు బాగైంది. సంఘానికి పెద్ద అయిన పెద్దింట్లమ్మకి జరిగింది చెప్పింది.

"తీగ ఎవడు కత్తిరిస్తాడే? ఎవడికేం పని?" అంది పెద్దింట్లమ్మ. "నువ్వే అప్పుడు విప్పి మర్చిపోయుంటావు. ఇక మీదట కాకినాడ మెకానిక్‌నే పిలుద్దామని అందరూ అంటున్నారు. రేపు పదింటికి పాట అయ్యాక కొట్టు దగ్గరికి వస్తారు. నేనొక్కదాన్ని ఎంతకని అడ్డుపడను?"

సంఘం ఫ్రీజరు చేతిలోంచి పోతే ఊళ్ళో ఒక్క ఇంట్లో కూడా ఒక్క ఫ్రిజ్ మీద రాణిని చెయ్యి వెయ్యనివ్వరు. షాపు బోర్డు మీద తన పేరు రాయించి నెల కూడా కాలేదు. అందుకే పది కాకముందే పెద్దింట్లమ్మతో ఇంకోసారి మాట్లాడదామని వచ్చింది. వచ్చేసరికి పల్లంరాజు గ్లాసు కింద పెట్టేశాడు. ఆయన వరసకి మేనమామ. నలుగురిలో మేనమామ మాటకి అడ్డురావడం అంత సులువు కాదు.

"తలుపు తీశానండీ," అంటున్నాడాయన. "తీస్తే ఏముంది, ఐసు! జానెడు మందం. ఇంకొకడైతే గునపం పుచ్చుకుని పొడిచేసేవాడు. నేను పొడవలేదు. ఐసుని ఎప్పుడూ పొడవకూడదండీ, పొడిస్తే లోపల గ్యాసు గొట్టానికి చిల్లు పడుతుంది, గొట్టానికి చిల్లు పడితే పెట్టె చచ్చినట్టే. ప్లగ్గు తీసి, తలుపు బార్లా తెరిచి, వేడినీళ్ళ గిన్నెలు లోపల పెట్టి రెండు గంటలు ఓపిగ్గా కూర్చున్నాను. పక్కన రాణి ఉంది, అడగండి. పిల్లకి కూడా అదే చెప్పాను."

ఆ వాక్యాలు ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాణివే. నిన్న గునపం పుచ్చుకుని వచ్చినవాడు పల్లంరాజే. ఆమె రెండు చేతులూ అడ్డుపెట్టి ఆపితే ఆగాడు.

"నేను చిన్నప్పటి నుంచీ నీకు తెలుసు కదా బుల్లియ్య తాతా, నువ్వు చెప్పు, నేనెప్పుడైనా అబద్ధం ఆడానా?"

వల బాగుచేసుకుంటున్న బుల్లియ్య తల ఎత్తకుండానే అన్నాడు: "చిన్నప్పుడు ఆడలేదురా. అప్పటికింకా మాటలు రాలేదు."

నవ్వులయ్యాక పల్లంరాజు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఎవరైనా నవ్వితే ఆయనకి బలం వస్తుంది.

"జానెడన్నది తలుపు దగ్గరండీ. లోపలికి వెళ్ళేకొద్దీ మూరెడు, మూరెడు దాటితే బారెడు. సరే, దీని అంతు చూద్దామని ఒక కాలు లోపల పెట్టాను. రెండో కాలూ పెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెనక గోడ లేదు! ఐసులోంచి ఒక సందు, ఆ సందులోంచి వెళ్తే ఒక హాలు. మన కమ్యూనిటీ హాలు లాంటివి రెండు పడతాయి అందులో. నా లుంగీ తడిసి ఉందేమో, ఉన్నది ఉన్నట్టు బిగుసుకుపోయి, అడుగు వేస్తే రేకుడబ్బాలా టంగు టంగుమంటోంది!"

"బాబాయ్," అన్నాడు లోవరాజు. ఆటో రోడ్డు పక్కన ఆపి, టీ తాగి పోదామని వచ్చి, అరగంటగా పోకుండా కూర్చున్నవాడు. "ఆ ఫ్రీజరు నా గడ్డం దాకా కూడా రాదు. అందులో హాలేంటి?"

"నీ ఆటోలో ఎంతమంది పడతారురా?"

"ముగ్గురు."

"అది కాయితం మీద. నువ్వు పిఠాపురం తీసుకెళ్ళేది ఎంతమందిని?"

లోవరాజు గొంతు సవరించుకున్నాడు. "పదకొండు."

"మరి! బయట నుంచి చూసి లోపలి కొలత చెప్పకు. ఆ హాల్లో ఏం చూశానంటే, పండుగప్పలండీ. బారులు తీరి, తోకల మీద నిలబడి, గజగజా వణికిపోతున్నాయి. అందులో పెద్దది నన్ను చూసి 'రాజుగారూ, ఒక్క దుప్పటి ఇప్పించండీ' అంది."

"చచ్చిన చేప మాట్లాడిందిరా?" బుల్లియ్య ఈసారి తల ఎత్తాడు.

"చచ్చింది కాబట్టే గారూ, అండీ అని మర్యాదగా మాట్లాడింది తాతా. బతికున్న పండుగప్ప నాకు ఏనాడైనా గౌరవం ఇచ్చిందా? నా బోటు చూడగానే తోక తిప్పుకుని పక్క బోటు వైపు పోయేది కదా."

రాణికి నవ్వొచ్చింది. కోపంగా ఉన్నా వచ్చింది. పల్లంరాజు కథల్లో ఉన్న ఇబ్బందే అది. దొంగతనం జరుగుతోందని తెలుస్తూనే ఉంటుంది, చప్పట్లు కొట్టాలనీ అనిపిస్తుంది.

"పండుగప్పలకి ధైర్యం చెప్పి ముందుకెళ్ళాను. మూలన టైమరు కనపడింది. దాని మీద చిన్న గాడి ఉంటుందండీ. స్క్రూడ్రైవరు ఆ గాడిలో పెట్టి మెల్లిగా తిప్పాలి. టక్‌మనేదాకా తిప్పాలి. టక్‌మన్నాక మోటారు ఆగి, లోపల వేడి పుట్టాలి. పుట్టలేదా, తప్పు టైమరుది కాదు, లోపలిది."

ఇదీ ఆమెదే. నిన్న ఆ టక్ విన్నాక రాణి వెనక పలక దగ్గర చెయ్యి పెట్టింది. వేడి రాలేదు. మీటరు పెట్టి చూస్తే హీటరు కడ్డీ బాగానే ఉంది. అయితే తీగే అనుకుంది. మొత్తం పనిలో అసలైన క్షణం అది. పల్లంరాజు దాన్ని ఎంత బాగా చెప్పాడంటే, వినేవాళ్ళలో ఒక్కరికీ ఆయన చేతిలో స్క్రూడ్రైవరు లేదన్న అనుమానం రాదు.

"టక్‌మంది. మోటారు ఆగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?" పల్లంరాజు లేచి నిలబడ్డాడు. "ఇన్నాళ్ళూ లోపల మగ్గిన చలి ఒక్కసారిగా తలుపులోంచి బయటికి దూకిందండీ! షెడ్డు దాటింది. బీచి రోడ్డెక్కింది. అటు కాకినాడ వైపు చూసింది, ఇటు అన్నవరం వైపు చూసింది, దూరాభారం ఎందుకని ఎదురుగా ఉన్న సముద్రంలోకి నడిచింది. అప్పుడే ఒక కెరటం లేచింది. మన రోడ్డు తినే కెరటం, మన వీధులు మింగిన రాకాసి, అదే! తాటిచెట్టంత లేచి, ముందుకి వంగి, ఇక మీద పడుతుందనగా... ఆగిపోయింది. గడ్డ కట్టేసింది!"

టీ వడకడుతున్న పెద్దింట్లమ్మ చెయ్యి ఆగింది.

"ఆ గడ్డకట్టేదేదో మా ఇల్లు పోకముందు కట్టుంటే బాగుండేది," అంది.

అక్కడున్న ప్రతివాళ్ళకీ సముద్రంలో ఒక గోడో, గుమ్మమో ఉంది. పల్లంరాజు చేతులు కిందికి దిగాయి.

"ఈసారి నీ ఇల్లు ముందు కట్టించి, అప్పుడు తిప్పుతాను టైమరు," అన్నాడు మెల్లిగా.

"ఊఁ, చెప్పు చెప్పు. టీ చల్లారిపోతుంది," అంది పెద్దింట్లమ్మ, కొంగుతో మొహం తుడుచుకుని.

"పదకొండు రోజులు నిలబడిందండీ ఆ కెరటం! నేతవాళ్ళు వచ్చి చూసి, ఇంత నున్నటి గోడ మళ్ళీ దొరకదని, చీర పడుగు ఒక కొస కెరటానికి కట్టి రెండో కొస పెద్దాపురంలో పట్టుకున్నారు. అంత పొడుగు చీర ఎవరు కడతారయ్యా అంటే, అక్కడి అమ్మవారు మరిడమ్మ తల్లికి అన్నారు. ఆఫీసర్లు జీపుల్లో వచ్చారు. టేపులు పెట్టి కొలిచి, ఇక సముద్రం గోడ కట్టక్కర్లేదని రాసుకున్నారు. ఇంతలో చలి ఊరుకుందా? గోదారి నోట్లోంచి ఎదురీదుతూ ధవళేశ్వరం దాటి పోలవరం దాకా పోయింది. అక్కడి ఇంజనీర్లు నాకు ఫోను. 'అయ్యా రాజుగారూ, నీళ్ళు ఆపే పని మాది. మీరు దయచేసి ఆ ఫ్రీజరు తలుపు వేసెయ్యండి' అని."

"ఆగు బాబాయ్," అన్నాడు లోవరాజు. "నువ్వు చెప్పేది నిన్నటి సంగతి. నిన్న మధ్యాహ్నం మొదలుపెట్టి సాయంత్రానికి తలుపు వేశారు. మధ్యలో పదకొండు రోజులు ఎక్కడివి?"

పల్లంరాజు అతని వైపు జాలిగా చూశాడు.

"టైమరు తిప్పానని చెప్పానా లేదా? టైమంటే ఏంట్రా మరి?"

టీకొట్టు రేకులు ఎగిరిపోతాయా అన్నట్టు నవ్వారు. బుల్లియ్య వల ఒళ్ళోంచి జారిపోయింది. రాణి కూడా కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూ రోడ్డు వైపు చూసింది. షెడ్డు దగ్గర పాట చివరికొచ్చినట్టుంది, అరుపులు పలచబడ్డాయి. ఇంకాసేపట్లో వాళ్ళు వస్తారు. వచ్చేసరికి ఈ కథే అందరి నోళ్ళలో నానుతుంది. ఫ్రీజరు పాడుచేసింది రాణి, బాగుచేసింది పల్లంరాజు. ఐసు కెరటాన్ని ఎవరూ నమ్మరు. ఈ ముక్క మాత్రం నమ్మేస్తారు. మిగతాదంతా అబద్ధమని తెలిసినవాళ్ళకి ఇదొక్కటే నిజంలా కనపడుతుంది.

"అంతా బాగుంది గానీ," లోవరాజు వదల్లేదు, "అసలు అంత ఐసు ఎలా పట్టింది బాబాయ్? దానంతటదే కరిగించుకునే ఫ్రీజరు కదా అది? ఇన్నాళ్ళూ పట్టనిది ఇప్పుడెందుకు పట్టింది?"

పల్లంరాజు నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు.

రాణి గ్లాసు మీంచి ఆయన మొహం చూసింది. ఆయన కళ్ళు ఒక్కసారి షెడ్డు వైపు వెళ్ళి వచ్చాయి. పెదవుల చివర చిన్న నవ్వు. తప్పు చేసినవాడి చూపు కాదది. ఏదో గొప్ప పని చేసి, చెప్పకుండా దాచుకుని, దాచలేక ఉక్కిరిబిక్కిరి అవుతున్నవాడి చూపు. షెడ్డుని ఆనుకుని ఉన్న ఇల్లు ఆయనది. బోటు ఇంజన్ల మీద ఇరవై ఏళ్ళు పనిచేసినవాడు. తీగలు కత్తిరించి టేపు చుట్టడం ఆయనకి మంచినీళ్ళు తాగడం.

రాణికి విషయం అర్థమైంది. నువ్వేనా కత్తిరించావు మావయ్యా అని అడిగితే ఛ, నేనెందుకు కత్తిరిస్తానే అంటాడు. పదిమందీ ఆయన్నే నమ్ముతారు. తప్పు ఒప్పుకోమంటే ఈయన ఈ జన్మలో ఒప్పుకోడు. ఘనకార్యం అయితే, తను చెయ్యనివి కూడా ఒప్పుకుంటాడు.

"నేను చెప్తాను లోవరాజన్నయ్యా," అంది, గ్లాసు కింద పెట్టి. "అది ఇప్పుడు మామూలు ఫ్రీజరు కాదు. ఎవరో పెద్ద మెకానిక్ చెయ్యి పడింది దాని మీద. కాకినాడవాడై ఉంటాడు."

పల్లంరాజు మెడ ఠక్కున తిరిగింది. "ఎవడూ?"

"పేరు తెలీదు మావయ్యా. చెయ్యి తిరిగినవాడు మాత్రం అవును. లోపల ఒక పని చేసి వెళ్ళాడు. రెండేళ్ళు చదువుకున్నాను, నాకు ఏనాడూ తట్టని పని. అందుకే అంత ఐసు పట్టింది. మనూరివాళ్ళ వల్ల అయ్యేది కాదులే."

ఇందులో అబద్ధం పెద్దగా లేదు. ఆ తీగ కత్తిరించాలన్న ఆలోచన రాణికి రెండేళ్ళు కాదు, ఇరవై ఏళ్ళు చదివినా రాదు.

"కాకినాడోడా!" పల్లంరాజు గొంతు బీచి రోడ్డు దాకా వినపడింది. "కాకినాడోడు ఆ షెడ్డు గుమ్మం తొక్కాడా? తొక్కితే నాకు తెలీదా? ఆ గోడ అవతల పడుకునేది నేను! వాడి మొహం, వాడికేం తెలుసు! నేనండీ! నేనే!"

"నువ్వా మావయ్యా?" అంది రాణి, కళ్ళు పెద్దవి చేసి.

"నేనే! చెప్పకూడదని ఊరుకున్నాను. గొప్పలు చెప్పుకోవడం నాకు అలవాటు లేదు కదా. పదిహేను రోజుల కిందట, మిట్టమధ్యాహ్నం, షెడ్డులో ఒక్కరు లేరు. ఫ్రీజరు మోటారు ఆగింది. ఏంటా అని తలుపు తీసి చెయ్యి పెడితే వెనక పలక వెచ్చగా తగిలింది. వెచ్చగానండీ! ఐసు పెట్టెలో! నాలుగు స్క్రూలు విప్పి చూస్తే, ఏముందో తెలుసా?"

"ఏముంది?" అన్నాడు బుల్లియ్య, ఊపిరి బిగపట్టి.

"కుంపటి! గాజు గొట్టంలో పెట్టిన కరెంటు కుంపటి, ఎర్రగా కాలుతోంది! చేసినవాడి మోసం చూశారా? ఒక పక్క చల్లబరచడం, ఇంకో పక్క దొంగచాటుగా వేడి పెట్టడం! కరెంటు రెండు వైపులా లాగెయ్యడానికే కదా? మన ఆడవాళ్ళు కడుపు కట్టుకుని కొనుక్కున్న పెట్టెలో కుంపటి పెడతాడా వాడు? నాకు ఒళ్ళు మండిపోయింది. ప్లేయరు తెచ్చి, ప్లగ్గు పీకి, ఆ కుంపటి తీగని టక్కుమని కత్తిరించాను. కొసలకి టేపు చుట్టి, మన బోటు తీగలకి వేసినట్టు పైన నూలు ముడి వేశాను. ఆ రోజు నుంచీ చూడండి, ఐసు! రోజుకి వేలెడు చొప్పున పెరిగింది. కాకినాడోడి వల్ల అవుతుందా అది?"

చెప్పడం అయిపోయి, చప్పట్ల కోసం చూశాడు.

పొయ్యి మీద పాలు పొంగి బుస్సుమన్నాయి. పెద్దింట్లమ్మ పాల వైపు చూడకుండానే గ్యాసు కట్టేసింది.

"రాణీ," అంది. "ఆ కుంపటి లోపల ఎందుకుంటుందే?"

రాణి ఆమె వైపు తిరిగింది. "తలుపు తీసినప్పుడల్లా గాల్లో తడి లోపలికి పోతుందత్తా. అది వెనక గొట్టాల మీద మంచులా పడుతుంది. అందుకని రోజులో కొన్నిసార్లు మోటారు ఆగి, ఆ కుంపటి కాసేపు వెలిగి, మంచు కరిగించి నీళ్ళు కిందికి పంపేస్తుంది. ఆటో అంటే అదే. అది వెలగకపోతే మంచు మీద మంచు పేరుకుని గాలికి దారి ఉండదు. ఐసు పెరిగినట్టు కనపడుతుంది, కింద చేప మాత్రం మెత్తబడుతుంది."

"ఐసు పెరిగితే చల్లదనం పెరిగినట్టు కాదా?" అన్నాడు పల్లంరాజు. నిజంగా తెలియకే అడిగాడు.

"కాదు మావయ్యా."

పెద్దింట్లమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆయనకి ఎదురుగా వచ్చి నిలబడింది.

"అయితే పల్లంరాజూ, నిన్న నువ్వు బాగుచేసింది పదిహేను రోజుల కిందట నువ్వు పాడుచేసిందే అన్నమాట. సముద్రాన్ని గడ్డ కట్టించావో లేదో నేను చూడలేదు. మా పండుగప్పల్ని కరిగించింది మాత్రం నువ్వే."

లోవరాజు నవ్వబోయి, పెద్దింట్లమ్మ మొహం చూసి ఆపుకున్నాడు. గాల్లో ఉన్న పల్లంరాజు చేతులకి ఎక్కడ దిగాలో తెలియలేదు. ఒకటి జేబు వెతుక్కుంది, రెండోది ఖాళీ గ్లాసు మీద వాలింది.

"కుంపటి అలా పనిచేస్తుందని నాకేం తెలుసు," అన్నాడు. "మంచికే కదా చేశాను."

"మంచికే చేశావు. చేసినట్టు చెప్పాలి కదా. రెండు రోజులుగా ఈ పిల్లని ఊరంతా తిడుతుంటే గోడ అవతల పడుకుని విన్నావు కదా!" అని, పెద్దింట్లమ్మ రాణి వైపు తిరిగింది. గొంతు తగ్గింది. "నేను మాత్రం ఏం చేశాను? తీగ ఎవడు కత్తిరిస్తాడే అని నిన్నే గద్దించాను. అడగాల్సినవాళ్ళని అడగలేదు. వీళ్ళయితే పాడుచెయ్యరు, నువ్వయితే చేస్తావు అనుకున్నాను. ఎందుకనుకున్నానో నాకే తెలీదు."

రాణికి తెలుసు. పెద్దింట్లమ్మకి కూడా తెలుసని ఆమె కళ్ళు చెబుతున్నాయి.

ఈలోగా పల్లంరాజుకి కాస్త ఊపిరి అందింది. "ఒకందుకు చూస్తే," అన్నాడు, అందరి వంకా కలయజూస్తూ, "నేను గనక ఆ తీగ కత్తిరించకపోతే, రాణి పనితనం మీలో ఎవరికైనా తెలిసేదా?"

"నిజమే మావయ్యా," అంది రాణి లేస్తూ. "ఆ మాటే సంఘం వాళ్ళతో చెప్పు. అదిగో వస్తున్నారు. కత్తిరించింది నేను, కలిపింది రాణి అని చెప్పు. అంతే. కెరటం వద్దు, పండుగప్పలు వద్దు, పోలవరం ఫోను వద్దు."

"అంత పొట్టి కథా?" పల్లంరాజు దిగులుగా అడిగాడు. "అంత పొట్టివి నాకు రావే."

"ఇవాళ నేర్చుకో," అంది పెద్దింట్లమ్మ.

గంపలు చంకన పెట్టుకుని పదిమంది దాకా ఆడవాళ్ళు వచ్చి కొట్టు ముందు దించారు. పాటలో అరిచి అరిచి అందరి గొంతులూ బొంగురుపోయి ఉన్నాయి. ముందున్న అప్పాయమ్మ రాణిని చూసి మొహం పక్కకి తిప్పుకుని, "కాకినాడకి ఫోను చేశారా?" అంది.

"ముందు పల్లంరాజు ఒక మాట చెప్తాడంట, వినండి," అంది పెద్దింట్లమ్మ.

పదిమందీ నిలబడ్డారు. పల్లంరాజు గొంతు సవరించుకున్నాడు. చేతులు అలవాటుగా పైకి లేచాయి. రాణి చూసింది. చేతులు దిగాయి.

"ఫ్రీజరులో హీటరు తీగ," అన్నాడు. "కత్తిరించింది నేను. కలిపింది రాణి."

ఆ తర్వాత ఆగిపోయాడు.

వాళ్ళు ఇంకా వినడానికే నిలబడి ఉన్నారు. ఇంత చిన్న మాటతో పల్లంరాజు ఆగడం ఎవరి ఎరుకలోనూ లేదు. ఇంకేం రాదని అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పక్కకి తిప్పుకున్న మొహాన్ని అప్పాయమ్మ మెల్లిగా రాణి వైపు తెచ్చుకుంది. ఏదో అనబోయి, గంప మీద గుడ్డ సర్దుకుని, మళ్ళీ చూసింది.

"రాణీ, పనిలో పని మా ఇంట్లో ఫ్రిజ్ కూడా ఒకసారి చూడమ్మా," అంది. "మా ఆయన నిన్ననే దాన్ని బాగుచేశాడు."